పటంలో గుడిసె

పద్నాలుగో భాగం

"నిన్నెవరు తుడవమన్నారత్తా? ఎవరు తుడవమన్నారు?"

అమల ఆ మాట అడగడం నాలుగోసారి. మొదటిసారి అరిచింది. రెండోసారి ఏడుస్తూ అడిగింది. ఇప్పుడు అరుపూ లేదు, ఏడుపూ లేదు, మాట మాత్రం మిగిలింది.

సుబ్బులమ్మ చేతిలో తడిగుడ్డ ఇంకా అలాగే ఉంది. దాని అంచు నుంచి నీలం నీళ్ళు చుక్కచుక్కగా ఆమె పాదం మీద పడుతున్నాయి. నూట యాభై ఏళ్ళకు పైగా అద్దం చాటున భద్రంగా ఉన్న పటంలోని ఆకాశం అది. ఈ పొద్దున, క్రిస్మస్ పండక్కి సున్నాలు కొట్టుకునే హడావిడిలో, నాలుగు తుడుపులకు గుడ్డలోకి దిగిపోయింది.

"రేపు పది గంటలకు చిత్తూరు నుంచి పెద్దోళ్ళొచ్చి పటం సూస్తారు గదా అని తుడిచినాను మే. నిన్న నిచ్చెన తగిలి అద్దం పగిలిపాయె. పటం మీదంతా సున్నం చుక్కలు. అట్లనే పెడితే ఏం మర్యాద? ఇంట్లో పటాలన్నీ ఏటా తుడిచేది నేనే గదా. యేసుప్రభువు పటం తుడవలా? మీ పెండ్లి ఫోటో తుడవలా? ఏదన్నా కారిందా?"

"అవి అచ్చేసినవత్తా. పైన లామినేషన్ ఉండాది. ఇది నీళ్ళరంగులతో ఏసింది. నీళ్ళతో ఏసింది నీళ్ళకు నిలబడతాదా?"

"ఆ ముక్క నాకెవరు సెప్పినారు? ఈ ఇల్లు కట్టిన కాడ్నించీ ఆ గోడకే ఉండాది. నీళ్ళు తగలకూడదని ఒక్కరన్నా అన్నారా ఈ ఇంట్లో?"

నిజానికి ఎవరూ చెప్పలేదు. అందరూ ఆ పటాన్ని దేవుడి పక్కన మేకుకు తగిలించి, మొక్కినంత పని చేశారు గాని, అది ఎందులో కలిపి వేసిన రంగో ఎవరూ ఆలోచించలేదు.

జాకెట్లు కత్తిరించే బల్ల మీద పటం వెల్లకిలా పడి ఉంది. గంట గోపురం మూడంతస్తుల్లో పై అంతస్తు కారి కింది అంతస్తు మీదికి వచ్చింది. వెనక కొండ మబ్బయిపోయింది. మూలన పెన్సిలుతో రాసిన 1871 మాత్రం స్పష్టంగా ఉంది. ఆ కాలంలో గంటమిట్టలో ఉన్న మిషనరీ దొర చెల్లెలు కుర్చీ వేసుకుని కూచుని గీసిందట. తమ దేశానికి పోతూపోతూ గుడి గంట కొట్టే యోబు చేతిలో పెట్టిందట. యోబు సుబ్బులమ్మ మొగుడు సుందరరాజుకు ముత్తాత. అప్పటినుంచి తాడూ పటమూ రెండూ ఈ కుటుంబంలోనే ఉన్నాయి.

ఇప్పుడు పటం ఒక్కటే వాళ్ళ ఆధారం. గోపురం అడుగున ఉన్న ఈ ఇల్లు గుడి స్థలంలో ఉందనీ, అక్కడ హాలు కట్టాలనీ, ఖాళీ చేయమనీ సంఘ కమిటీ నోటీసు అంటించి నెలయింది. పట్టా లేదు. పన్ను రశీదు లేదు. పటంలో గోపురం పక్కన యోబు గుడిసె ఉంది, గుడి కట్టిన నాటినుంచీ ఈ చోటు మాదే అని చెప్పుకోవడం తప్ప సుందరరాజుకు వేరే దారి లేదు. ఆ పటాన్నే రేపు చిత్తూరు సంఘం పెద్దలు కళ్ళారా చూసి తేలుస్తామన్నారు.

అలాంటి పటాన్ని తడిగుడ్డతో తుడిచింది సుబ్బులమ్మ.

"సుకుమార్ షిఫ్టు దిగొచ్చి సూస్తే ఏమంటాడో" అని కొడుకును తలుచుకుని గొణుక్కుంటూ ఆమె బల్ల మీదికి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. "అమలా! ఇట్ల రా. ఇది సూడు మే!"

గోపురం అడుగున ఎడమ పక్కన చిన్న తాటాకు గుడిసె. గుమ్మంలో ఎర్రటి గంట తాడు చుట్ట. గోపురం కారింది. కొండ కారింది. ఆకాశం గుడ్డలోకి పోయింది. గుడిసె మాత్రం నిన్న ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉంది. ఒక్క ఆకు చెదరలేదు.

"దేవా! నా తండ్రీ!" సుబ్బులమ్మ గుడ్డ విసిరేసి రెండు చేతులూ పైకెత్తింది. "అంతా కడిగేసి మన ఇంటిని మాత్రం కాపాడినావా సామీ! ఇంతకన్నా సాచ్చికం ఏం కావాల? వసంతమ్మా! ఓ వసంతమ్మా! బిన్నా రా, అద్భుతం జరిగినాది!"

"అత్తా, పిలవొద్దు. రొంత తాళు."

"యాల తాళేది? ఇదేమన్నా ఓబయ్య మాటా? కండ్ల ముందర కనపడతా ఉండాది!"

అనేసి నాలుక కరుచుకుంది. ఆలస్యంగా కరుచుకుంది.

అమల ముఖం తిప్పుకుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళు. ఆ మాట ఊళ్ళో బావి దగ్గర విన్నది, గుడి మెట్ల మీద విన్నది, జాకెట్ కొలతలిచ్చే ఆడవాళ్ళ నోట విన్నది. అత్త నోట కూడా ఇలా జారి పడగా మూడు నాలుగుసార్లు విన్నది. విన్న ప్రతిసారీ సూది వేలిలో దిగినట్టే ఉంటుంది. ఎందుకంటే ఓబయ్య ఆమెకు తాత.

ముప్పై ఆరేళ్ళ కిందట ఈ ఇల్లున్న చోట ఓబయ్య గుడిసె ఉండేది. ఆయన సమాధులు తవ్వేవాడు. ఈ చోటు పూర్వం గంట కొట్టేవాళ్ళదని సుందరరాజు తగాదా తెచ్చాడు. దొరసాని వేసిన పటంలో యోబు గుడిసె ఉంది, కావాలంటే చూసుకోండి అన్నాడు. ఓబయ్య సంఘం ముందు లేచి, బైబిలు మీద చెయ్యేసి, "ఆ పటం సిన్నప్పుడు నేను సూసినాను. దాంట్లో గుడిసె లేదు. ఈడ మొదట గుడిసె ఏసినోడు మా తాత" అన్నాడు.

పటం తెచ్చి నలుగురి ముందూ పెట్టారు. గుడిసె ఉంది.

దైవగ్రంథం మీద చెయ్యేసి అబద్ధమాడిన మనిషికి ఊళ్ళో ఏం మిగులుతుంది? ఆ నెల తిరగకుండానే ఓబయ్య గుడిసె పీక్కుని, పెళ్ళాం బిడ్డలతో సత్యవేడు వైపు ఇటుక బట్టీలకు పోయాడు. మనిషి పోయినా పేరు పోలేదు. గంటమిట్టలో ఎవరు బొంకినా "ఓబయ్య మాట" అంటారు. ఓబయ్య ఎవరో తెలియని పిల్లలు కూడా అంటారు.

అటువంటి ఇంటి పిల్లను సుందరరాజే బట్టీ దాకా వెతుక్కుంటూ పోయి, కట్నం గిట్నం ఊసెత్తకుండా, తన కొడుకు సుకుమార్‌కు అడిగి చేసుకొచ్చాడు. మనసంటే ఆయనది అని ఊరంతా మెచ్చుకుంది. అందరికంటే ఎక్కువగా అమలే మెచ్చుకుంది. కన్న నాయన కంటే మామ మీద ఆమెకు భక్తి ఎక్కువ అని సుకుమార్ ఎగతాళి చేసేవాడు.

పక్కింటి వసంతమ్మ వచ్చింది. ప్రహరీ అవతలి నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. చూశారు, చేతులు జోడించారు, కళ్ళు తుడుచుకున్నారు. సుబ్బులమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పిందే చెబుతూ వాళ్ళను వీధి మలుపు దాకా సాగనంపడానికి పోయింది.

గదిలో అమల ఒక్కతే మిగిలింది.

తడిసిన కాగితాన్ని అలాగే వదిలేస్తే ముడతలు పడుతుంది. ఆమె చేతిపని మనిషి. ఏడవడానికి ముందు ఏం చేయాలో చేతులకే తెలుసు. పాత పంచె ముక్క ఒకటి కింద పరిచి, ఇంకొకటి పైన కప్పి, మెల్లగా అద్దింది. పైవైపు రంగు ఇంకా పచ్చిగా ఉంది గనుక వెనకవైపు నుంచి గోరువెచ్చగా ఇస్త్రీ పెట్టె తాకిద్దామని, రెండు అరచేతులతో పటాన్ని బోర్లించింది.

వెనకంతా పసుపు తిరిగిన తెల్ల కాగితం. గోపురం ఉన్న చోట ఏమీ లేదు, కొండ ఉన్న చోట ఏమీ లేదు. అడుగున ఒక మూల మాత్రం గోధుమ రంగు నూనె మరక ఉంది. అది మామూలు మరక కాదు. పైన వాలు కప్పు, కింద గోడ, మధ్యలో గుమ్మం. ముందువైపు గుడిసె ఎంత ఉందో అంత, ఎక్కడుందో అక్కడే.

అమల ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపేసింది.

మిషన్ నూనె ఒక్క చుక్క జాకెట్ గుడ్డ మీద పడితే అది వెనక్కి దిగకుండా ఉండదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్ళరంగు అలా కాగితం వెనక్కి దిగదు. నూనె కలిసిన రంగు దిగుతుంది. దొరసాని ఆకాశం గీసిందీ నీళ్ళతోనే, కొండ గీసిందీ నీళ్ళతోనే. గుడిసె ఒక్కదానికి మాత్రం నూనె రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

మళ్ళీ తిప్పి చూసింది. కిటికీ వెలుగులో గుడిసె కప్పు పల్చగా మెరుస్తోంది. గుమ్మంలో తాడు చుట్ట ఎరుపు ఆమెకు బాగా తెలిసిన ఎరుపు. గుడి బోర్డు మీది ఎరుపు, సమాధుల తోట గేటు మీది అక్షరాల ఎరుపు. అన్నీ ఒక చేతి రాతలే. పెళ్ళి కాకముందు నుంచీ మోకాళ్ళు పట్టేసేదాకా, శ్రీకాళహస్తి బజారులో ఎనామిల్ నూనె రంగులతో బోర్డులు రాసి బతికిన మామ చేతి రాతలు.

తాత అబద్ధం చెప్పలేదు.

ఆ ఒక్క మాట లోపల ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. సంతోషం రావాలి గదా? రాలేదు. పటాన్ని రెండు చేతుల్లోకి ఎత్తుకుని గోపురం వైపు నడిచింది.

సుందరరాజు గోపురం గుమ్మంలో, కింది మెట్టు మీద కూచుని కొత్త గంట తాడుకు మైనం రుద్దుతున్నాడు. పటం తడిసిన సంగతి ఆయనకు ఇంకా తెలియదు. కోడలు పటాన్ని పలకలా పట్టుకుని రావడం చూసి నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"ఏమ్మా అమలా?"

"పటం తడిసిపోయింది మామా. అత్త తడిగుడ్డ పెట్టి తుడిచేసింది. అంతా కారిపోయింది. గుడిసె మాత్రం కారలేదు."

ఆయన చేతిలో మైనం ముద్ద ఆగింది. అయ్యో అని లేస్తాడనుకుంది. లేవలేదు. గోపురం పోయిందా, కొండ పోయిందా అని అడగలేదు. గుడిసె కారకపోతే సంతోషించాల్సిన మనిషి, తల కిందికి వంచేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ వంచడం.

"ఎనక పక్క సూడండి" అంది అమల.

ఆయన చూడలేదు. గోపురం పైన చిలకలు ఒకటే గోల చేస్తున్నాయి.

"ఈ గుడిసె ఎప్పుడు కట్టినారు మామా?"

"ఎనబై ఎనిమిదిలో. సంఘం మీటింగు ఆదివారమని సెప్పినారు. అంతకు ముందు వారం."

"అత్తకు తెలుసా?"

"తెలీదు. మా యమ్మతో కలిసి సెనిక్కాయలు పెరికేదానికి పోయుండె. పెట్టె అడుగున దాసిన పటం తీసి అద్దం ఊడదీసినాను, దాన్ని అంతకు ముందు ఆమె సూసిందే లేదు. ఏసేదానికి గంట పట్టలేదు. ఎండేదానికే మూడు దినాలు పట్టె."

"తాటాకు బాగా ఏసినావు" అంది అమల. "ఒక్కో ఆకూ లెక్కపెట్టొచ్చు."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె ఆయన్ని నువ్వు అంది. ఆయనకు వినిపించింది. కళ్ళు రెండుసార్లు మూసి తెరిచాడు.

"మా నాయన నలబై ఏండ్లు ఈ గంట కొట్టినాడమ్మా. తల దాసుకునే కొంప లేదు. గుడి వరండాలో వానకు తడిసి, జొరమొచ్చి, ఆడనే సచ్చిపోయినాడు. సచ్చినోడికి గంట కొట్టేదానికి తాడు పట్టుకున్నాను, కొట్టతా కొట్టతా అనుకున్నాను, నేను గూడా ఇట్లనే సస్తానని. ఓబయ్యకు రెక్కలుండాయి, పలుగూ పారా ఉండాయి, యాడికి పోయినా బతుకుతాడని..."

"బతికినాడు. ఇటుక ధూళి మింగి బతికినాడు."

"బైబులు మీద సెయ్యి పెడతాడని నేననుకోలేదమ్మా. అది తెలిసుంటే..."

"తెలిసుంటే?"

ఆ మాటకు చివర లేదు. ముప్పై ఆరేళ్ళు వెతికినా ఆయనకు దొరకలేదు.

"మరి నన్ను యాల తెచ్చుకున్నావు?"

"ఆ సోట మళ్ళా ఓబయ్య ఇంటి మనిషి దీపం పెట్టాలని. ఈ ఇల్లు నీదేనమ్మా. నేను పోయినాక నీదే. దేవుడి సాచ్చిగా ఆ ఉద్దేశంతోనే..."

"ఇల్లు ఇయ్యలేక, ఇంట్లో పని ఇచ్చినావు. ఈ నేల మా తాతది. అది తెలీకనే దాన్ని తొమ్మిదేండ్లు ఊడ్సినాను. మా మామ దేవుడంటా మా యమ్మతో గొడవ పడినాను నేను. తాత ముందర గూడా అన్నాను! ఆయన ఏమన్నాడో తెలుసా? ఏమీ అనలేదు. బీడీ తాగతా ఆ పక్కకు తిరిగి కూచున్నాడు."

ఇప్పుడు ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏందీ గలాటా?" అంటూ సుబ్బులమ్మ వచ్చింది. ఎంతసేపటి నుంచి గుమ్మం పక్కన నిలబడి ఉందో గాని, ముఖంలో పొద్దుటి అద్భుతం తాలూకు వెలుగు చుక్క కూడా లేదు. మొగుణ్ణి చూసింది. చూపులోనే అడగాల్సింది అడిగింది. ఆయన తల దించుకోవడంలోనే జవాబు దొరికింది.

ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి తనకు కూడా చెప్పలేదన్న కోపం ఆమెకు ఒక్క నిమిషం వచ్చి ఉంటుంది. ఆ తర్వాత ఇల్లు గుర్తొచ్చింది. కోపం కంటే ఇల్లు పెద్దది.

"అమలా, ఆ పటం లోపలికి తీసకపో. ఎనక అట్ట అంటించి ఫ్రేములో పెట్టు. ఎనకాల ఎవురు సూస్తారు?"

"అత్తా!"

"ఏం, అత్తా అంటావు? కడుపు సించుకుంటే కాళ్ళమీద పడతాది. మీ మామ తప్పే సేసినాడు. నేను కాదన్నానా? నువ్వు నోరు తెరిస్తే రేపు పది గంటలకు ఇంటికి తాళం పడతాది. మీ తాత లేసొస్తాడా? మిషన్ యాడ పెట్టుకుంటావు, సెట్టు కిందనా? సుకుమార్ షిఫ్టు దిగి యాడికి రావాల? మీ తాత ఇల్లే గదా ఇది, అట్లనుకో! మీ తాత ఇల్లు నువ్వే పడగొట్టుకుంటావా?"

ఇదీ సుబ్బులమ్మ. ఏ చదువూ లేకుండా ప్లీడరు చెప్పలేని పాయింటు చెప్పగలదు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. కిటికీ పక్కన మిషన్, పండక్కి ఇవ్వాల్సిన జాకెట్ల మూట, గోపురం నీడ పడే ఆ ముందు గది, అన్నీ ఆమెకు ప్రాణమే. పటం తిప్పి చూపిస్తే అవి పోతాయి. చూపించకపోతే ఇల్లు దక్కుతుంది, తాత మాత్రం ఎప్పటికీ దొంగసాక్షి చెప్పినవాడుగానే మిగిలిపోతాడు.

తాత అనుకోగానే ఆరేళ్ళ కిందటి మధ్యాహ్నం కళ్ళముందుకు వచ్చింది. తన ఊళ్ళోనే పూడ్చమని అడిగి పోయాడాయన. సత్యవేడు నుంచి ఆటోలో శవాన్ని తెచ్చారు. గంటమిట్టలో ఎవరు పోయినా బతికిన ఏడాదికొక దెబ్బ చొప్పున గంట కొడతారు. పొలాల్లో ఉన్నవాళ్ళు దెబ్బలు లెక్కపెట్టి పోయింది ఎవరో ఊహిస్తారు. ఆ తర్వాత గంట కొట్టినవాడు కింది మెట్టు మీద నిలబడి చనిపోయినవాళ్ళ పేరు చెప్పాలి. ఆ మెట్టు మీద అబద్ధం పలకకూడదంటారు. ఆ రోజు మామ వచ్చి, తాడు తెగిందమ్మా, ఏం చేసేది అన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి సద్దు లేకుండా మట్టిలోకి పోయాడు. తన చేత్తో ఆ ఊళ్ళో ఎందరికో గుంతలు తవ్విన మనిషి.

"ఆ పొద్దు తాడు తెగిందా?" అంది అమల.

సుందరరాజు మైనం రుద్దిన తాడు కింద పెట్టాడు. "తెగలేదు."

"అయితే ఇప్పుడు కొట్టు."

"ఏంది?"

"డెబ్బై ఎనిమిది కొట్టు. నాకు ఇంకేమీ వద్దు. ఇల్లు గురించి ఆమైన మాట్లాడదాం. ముందు మా తాతకు గంట కొట్టు."

"పట్టపగలు కొడితే ఊరంతా వస్తాదమ్మా. పేరు సెప్పాల. ఆరేండ్లకు ఇప్పుడు యాల కొడతా ఉండావంటారు."

"అంటారు. సెప్పేదానికి నోరుండాది గదా నీకు."

"నీకేమన్నా మతి పోయిందా మే!" అని సుబ్బులమ్మ అడ్డం వచ్చింది. సుందరరాజు లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, గోడ పట్టుకుని, లేచాడు. పెళ్ళాన్ని పక్కకు జరిపి గోపురం లోపలికి పోయాడు. ఆమె ఆయన పైగుడ్డ అంచు పట్టుకుంది. గుడ్డ చేతిలోకి వచ్చింది గాని మనిషి ఆగలేదు.

మొదటి దెబ్బకు చిలకలన్నీ ఒక్కసారి లేచాయి.

చావు గంటకు తొందర ఉండదు. ఒక దెబ్బ పూర్తిగా సద్దుమణిగాకే ఇంకొకటి. అమల లోలోపల లెక్కపెట్టుకుంది. పది దాటగానే వసంతమ్మ గేటు దగ్గర కనిపించింది. ఇరవై దాటేసరికి వీధిలో అరుగుల మీద జనం లేచారు. ముప్పై నాలుగు దగ్గర గంట ఆగింది. ఇంతేలే, ఈ మనిషి ఇంతే అనుకుంది అమల. అప్పుడు మళ్ళీ మోగింది. లోపల నుంచి ముసలి ఆయాసం బయటికి వినబడుతోంది.

అరవై దాటాక జనంలో గుసగుసలు మొదలయ్యాయి. డెబ్బై దాటగానే అందరి చూపులూ వరలక్ష్మమ్మ ఇంటి వైపు తిరిగాయి. మంచాన పడి నెలైన ఆ ముసలామె కర్ర పొడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి, "నేనింకా ఉండానప్పా, నన్ను సూడబాకండి!" అని కేకేసింది. ఒకరిద్దరు నవ్వారు.

డెబ్బై ఎనిమిది. ఆగింది.

కమిటీ సెక్రటరీ గిరి మోటారు సైకిలు స్టాండు వేసి జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. నోటీసు అంటించిన చెయ్యి అతనిదే.

"డెబ్బై ఎనిమిది కొట్టినారు. ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదప్పా!" సుబ్బులమ్మ గబగబా అంది. "కొత్త తాడు గదా, సరిగా ఉండాదో లేదో సూస్తా ఉండాడు, అంతే. పోండి, పోయి పనులు సూసుకోండి."

"తాడు సూసేదానికి డెబ్బై ఎనిమిది దెబ్బలా? ఉండక్కా. కొట్టినోడు సెప్పాల."

సుందరరాజు బయటికి వచ్చాడు. బనీను చెమటకు ఒంటికి అంటుకుపోయింది. కింది మెట్టు మీద నిలబడ్డాడు. అక్కడ నిలబడి ఆయన ఎన్ని వందల పేర్లు చెప్పి ఉంటాడో! ఏ పేరుకూ ఇంతసేపు పట్టలేదు.

"ఓబయ్య" అన్నాడు.

"ఏ ఓబయ్య?"

"సమాదులు తవ్వే ఓబయ్య. మా అమల వాళ్ళ తాత."

గిరి నుదురు ముడిపడింది. "ఆయప్ప పోయి ఆరేండ్లాయె గదన్నా. అప్పుడు కొట్టలేదు. పెద్దోళ్ళు పటం సూసేదానికి వస్తా ఉండారనంగా ఇప్పుడు యాల కొట్టినావు?"

అమల పటం వెనకవైపును గుండెకు అదుముకుంది. చెప్పు మామా. ఒక్క మాట. ఆ మెట్టు మీది నుంచి, నీ నోటితో చెప్పు. ఇల్లు పోతే పోనీ, చెట్టు కిందైనా మిషన్ వేసుకుంటాను, మళ్ళీ నిన్ను మీరు అని పిలుస్తాను.

సుందరరాజు గిరిని చూశాడు. సుబ్బులమ్మను చూశాడు. సున్నం ఇంకా తడి ఆరని ఇంటి గోడల్ని చూశాడు. ఆఖరుకు కోడల్ని చూశాడు.

"అమల సెప్తాది" అన్నాడు. మెట్టు దిగేశాడు.

తాత పేరు చెప్పడానికి ఆరేళ్ళు పట్టిన మనిషి, పేరు చెప్పేసి, తన అబద్ధాన్ని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. గంటమిట్ట మొత్తం అమల వైపు తిరిగింది. పటం ముందువైపు వాళ్ళందరికీ కనబడుతోంది.

"అదిగో గుడిసె! రవ్వంత గూడా కారలేదు, సూడండి సూడండి!" అంది వసంతమ్మ చేతులు జోడించి. వెనకున్నవాళ్ళు చూడటానికి ముందుకు తోసుకొచ్చారు.

వెనకవైపు ఇంకా అమల గుండెకు ఆనుకునే ఉంది. ఆమె రెండు చేతులూ మెల్లగా కాగితం అంచుల మీదికి వచ్చాయి.